రెండు మందులు, ఒక నానో రేణువు: నిష్పత్తి చుట్టూ తిరుగుతున్న ప్రాజెక్టు డైరీ

జనవరి: ఏం చేయబోతున్నాం

డాక్సోరుబిసిన్, ప్యాక్లిటాక్సెల్ రెండింటినీ ఒకే నానో రేణువులో పెట్టాలి, అవి క్యాన్సర్ కణాలకు మనం అనుకున్న నిష్పత్తిలోనే అందాలి. ప్రతిపాదనలో మొదటి వాక్యం ఇదే. కష్టమంతా "అనుకున్న నిష్పత్తిలోనే" అన్న మాట దగ్గరే ఉంది. రెండు మందుల్ని ఒక రేణువులో నింపామని చెప్పే పేపర్లు కుప్పలుగా దొరుకుతాయి. నింపిన నిష్పత్తి బయటికి వచ్చేటప్పటికి ఏమైందో చివరిదాకా వెంటాడి చూపించినవి నేను చదివినవాటిలో తక్కువే. ఈ డైరీలో ప్రతి దశలోనూ ఆ ఒక్క అంకెనే వెంటాడాలని నిర్ణయం.

ఈ జతనే ఎందుకు ఎంచుకున్నాం? రొమ్ము క్యాన్సర్ చికిత్సలో రెండూ ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న మందులు. డాక్సోరుబిసిన్ డీఎన్ఏ పోగుల మధ్య దూరి, టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైమ్ పనిని చెడగొడుతుంది. ప్యాక్లిటాక్సెల్ కణ విభజనకు కావలసిన మైక్రోట్యూబ్యూల్స్‌ని విడిపోకుండా బిగించేస్తుంది. దెబ్బ కొట్టే చోట్లు వేరు కాబట్టి కలిపి ఇవ్వాలన్న ఆలోచన సహజం. కానీ శరీరం లోపల ఈ రెండూ కలిసి నడవవు. డాక్సోరుబిసిన్ హైడ్రోక్లోరైడ్ నీటిలో హాయిగా కరుగుతుంది. ప్యాక్లిటాక్సెల్ మిల్లీలీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము కూడా సరిగా కరగదు. అవయవాల్లోకి చేరే తీరు, శరీరం వాటిని వదిలించుకునే వేగం అన్నీ వేరు. ప్యాక్లిటాక్సెల్ ముందు ఎక్కించి వెంటనే డాక్సోరుబిసిన్ ఇస్తే రెండోది ఒంట్లోంచి పోవడం నెమ్మదిస్తుంది, గుండె మీద భారం పెరుగుతుంది. డాక్సోరుబిసిన్‌కి ఎలాగూ జీవితకాల పరిమితి ఉంది, చదరపు మీటరు శరీర వైశాల్యానికి సుమారు 450 నుంచి 550 మిల్లీగ్రాములు. ఆ గీత దాటితే గుండె కండరం దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుంది. అందుకే రోగికి ఎక్కించే ప్రతి మిల్లీగ్రామూ కణితి దగ్గరికి చేరాలని నా పట్టుదల.

మాకు ధైర్యం ఇచ్చేది వైక్సియోస్. డానోరుబిసిన్, సైటరాబిన్ రెండూ ఉన్న లైపోజోమ్ (కొవ్వు పొరతో చేసిన అతి చిన్న సంచి) మందు అది. సైటరాబిన్ 5, డానోరుబిసిన్ 1 అన్న మోలార్ నిష్పత్తిని (అణువుల సంఖ్యల నిష్పత్తిని) పట్టి ఉంచేలా తయారుచేశారు. అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. 60 నుంచి 75 ఏళ్ల వయసున్న, ముప్పు ఎక్కువ ఉన్న తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియా రోగులు 309 మందితో జరిగిన మూడో దశ ట్రయల్‌లో, ఈ మందు తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 9.56 నెలలు. అవే రెండు మందుల్ని మామూలు పద్ధతిలో విడివిడిగా ఎక్కించినవారికి 5.95 నెలలు. మందులు కొత్తవి కావు, మారింది వాటిని మోసుకెళ్లే తీరు. ఆ మూడున్నర నెలల తేడా చూసినప్పుడల్లా ఈ పని చేసి తీరాలనిపిస్తుంది. కాకపోతే వాళ్ల రెండు మందులూ నీటిలో కరిగేవే. మా జతలో ఒకటి నీటికి చుట్టం, ఇంకొకటి నూనెకి చుట్టం.

ఫిబ్రవరి: ముందు నిష్పత్తి తేలాలి

రేణువులు చేయడానికి ముందు, ఏ నిష్పత్తిని మోయాలో తెలియాలి. ఎండీఏ-ఎంబీ-231 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్ని 96 గుంటల ప్లేట్లలో పెంచి, డాక్సోకి ప్యాక్లి 1:5 మొదలుకొని 5:1 దాకా మోలార్ నిష్పత్తుల్లో రెండు మందుల్నీ విడిగా, కలిపి ఇచ్చాం. లెక్కకు 1984లో చౌ, తలలే ప్రతిపాదించిన కాంబినేషన్ ఇండెక్స్ వాడాం. విలువ 1 కంటే తక్కువైతే రెండు మందులూ ఒకదానికొకటి సాయపడుతున్నట్టు. 1 దగ్గర ఉంటే ఎవరి పని వారిది. 1 దాటితే ఒకదాని పనిని ఇంకొకటి పాడుచేస్తున్నట్టు.

మా ప్లేట్లలో ప్యాక్లిటాక్సెల్ బాగా ఎక్కువైన నిష్పత్తుల్లో విలువ 1 దాటింది. డాక్సో ఎక్కువున్న వైపు 1 కంటే కిందికి దిగింది. ఇక్కడ చాలామంది సగం కణాలు చనిపోయే మోతాదు దగ్గర మాత్రమే ఇండెక్స్ చూసి ఆగిపోతారు. క్యాన్సర్‌లో సగం కణాల్ని చంపితే ఏమొస్తుంది? 90 శాతం కణాలు చనిపోయే మోతాదు దగ్గర కూడా సాయపడుతూ ఉన్న నిష్పత్తే మాకు కావాలి. ఆ కొలతకు నిలబడింది 2:1. అంటే రెండు అణువుల డాక్సోకి ఒక అణువు ప్యాక్లి. ఇది ఈ కణాలకే చెందిన అంకె, ఇంకో రకం కణాల్లో మారొచ్చు. అయినా ఒక లక్ష్యం దొరికింది. ఇక నుంచి అన్నీ 2:1 తోనే పోల్చుకుంటాం.

మార్చి: ఎర్రటి నీళ్లు

రేణువు చేసే పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) పీఎల్‌జీఏ. శరీరంలో లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది కాబట్టి దాని గురించి బెంగ లేదు. మొదట డబుల్ ఎమల్షన్ పద్ధతి పట్టుకున్నాం: డాక్సో కలిపిన నీటి చుక్కల్ని, పాలిమరూ ప్యాక్లీ కరిగిన డైక్లోరోమీథేన్ అనే ద్రావణిలోకి, దాన్నంతా పీవీఏ (చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఆపే పదార్థం) కలిపిన నీటిలోకి, ఐసు మీద పెట్టి సోనికేట్ చేస్తూ (ధ్వని తరంగాలతో చిలుకుతూ). కాగితం మీద చక్కగా ఉంటుంది. లోపలి నీటిలో డాక్సో, చుట్టూ ఉన్న పాలిమర్‌లో ప్యాక్లి.

సెంట్రిఫ్యూజ్ నుంచి ట్యూబు తీసి చూడగానే సంగతి అర్థమైంది. పైన తేరిన నీళ్లు ఎర్రగా ఉన్నాయి. డాక్సోరుబిసిన్‌తో ఉన్న సుఖం ఇదే, ఎక్కడికి పోయినా రంగుతో పట్టిస్తుంది. రెండో ఎమల్షన్ జరిగేటప్పుడే అది లోపలి నీటి నుంచి బయటి నీటిలోకి జారిపోతోంది. బయటి నీటి పీహెచ్ పెంచితే కొంత ఆగుతుంది. ఎందుకంటే డాక్సో అమైన్ గుంపు పీకేఏ (విద్యుదావేశం సగం పోయే పీహెచ్) 8 పైచిలుకు, ఆ ఆవేశం తగ్గితే నీటి మీద మోజు తగ్గుతుంది. కానీ క్షారం ఎక్కువైతే మందే చెడిపోతుంది, ఎరుపు కాస్తా ఊదా రంగుకు తిరుగుతుంది. ఆ సన్నటి దారిలో బ్యాచ్ బ్యాచ్‌కీ ఒకే ఫలితం రాబట్టడం సాధ్యం కాదని తేల్చుకుని, పద్ధతే మార్చాం.

మార్చి చివర: నానోప్రెసిపిటేషన్

డాక్సో హైడ్రోక్లోరైడ్‌ని డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగించి, ట్రైఇథైలమైన్ కలిపి, వెలుతురు తగలకుండా రాత్రంతా తిప్పితే ఉప్పు రూపం పోయి బేస్ రూపం వస్తుంది. దానికి నీటి కంటే సేంద్రియ ద్రావణులే ఇష్టం. దాన్నీ, ప్యాక్లినీ, పీఎల్‌జీఏనీ అసిటోన్‌లో కలిపి, పీవీఏ ఉన్న నీటిలోకి చుక్క చుక్కగా వదిలాం. అసిటోన్ నీటిలోకి వ్యాపించగానే పాలిమర్ తనంతట తాను రేణువులుగా ముడుచుకుంటుంది. సోనికేటర్ అక్కర్లేదు. డీఎల్ఎస్‌లో (కాంతి చెదరడాన్ని బట్టి రేణువుల సైజు కొలిచే పద్ధతి) పరిమాణం 150 నానోమీటర్ల దగ్గర, పీడీఐ (సైజుల్లో ఎంత తేడా ఉందో చెప్పే అంకె) 0.2 లోపు. 200 దాటితే ప్లీహం, కాలేయం తొందరగా పట్టేస్తాయి కాబట్టి ఈ అంకె చూసి ఊపిరి పీల్చుకున్నాం. పైన నీళ్లలో ఎరుపు లేత గులాబీకి తగ్గింది.

ఈ పని చేసే కొత్తవాళ్లకు ఒక మాట. డీఎంఎస్ఓ చర్మం గుండా మందుల్ని లోపలికి లాక్కెళుతుంది. కీమో మందు కలిసిన డీఎంఎస్ఓ గ్లోవ్ మీద పడితే తుడుచుకుని కూర్చోకండి, వెంటనే రెండు జతలూ మార్చండి.

ఏప్రిల్: మోసపుచ్చే లోడింగ్ అంకెలు

లోడింగ్ లెక్కలో అందరూ వాడే సులువైన దారి ఒకటుంది. సెంట్రిఫ్యూజ్ చేశాక పైన నీళ్లలో మిగిలిన మందు కొలిచి, మొత్తం నుంచి తీసేస్తే మిగిలినదంతా రేణువుల్లో ఉన్నట్టు. డాక్సోకి ఇది పర్లేదు. ప్యాక్లికి మాత్రం ప్రమాదకరం. రేణువులోకి వెళ్లని ప్యాక్లి నీటిలో కరగదు, సూదుల్లాంటి స్ఫటికాలుగా మారుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో ఆ స్ఫటికాలు కూడా రేణువులతో పాటే అడుక్కి చేరతాయి. పైన నీళ్లలో ప్యాక్లి కనపడదు. లెక్క 95 శాతం ఎక్కిందని చెబుతుంది!

అందుకని ముందు తక్కువ వేగంతో ఒకసారి తిప్పి స్ఫటికాల్ని పడగొట్టి, తర్వాతే రేణువుల్ని వేరుచేసి, వాటిని పూర్తిగా కరిగించి లోపలి మందుని నేరుగా కొలిచాం. డాక్సోని 480 నానోమీటర్ల కాంతి తరంగం దగ్గర, ప్యాక్లిని హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) 227 దగ్గర. ఇలా కొలిస్తే ప్యాక్లి అంకె గణనీయంగా దిగింది, నిజమైన నిష్పత్తి 2:1 కాదని బయటపడింది. మొదట్లో కలిపే మందుల కొలతలు సర్దుకుంటూ వస్తే చివరికి రేణువు లోపల 2:1 స్థిరపడింది. గ్రూపు మీటింగ్‌లో గ్రాఫు చూపించాను. మా గైడ్ గారు చూసి, "లోపల రెండు బై ఒకటి ఉంది, బాగుంది. బయటికి ఎంతలో వస్తోంది?" అని అడిగారు. తర్వాతి పనంతా ఆ ప్రశ్నకు జవాబే.

మే, జూన్: డయాలసిస్ సంచి చెప్పిన నిజం

రేణువుల్ని డయాలసిస్ సంచిలో (మందు దాటగలిగే, రేణువు దాటలేని సన్న రంధ్రాల సంచి) పోసి, 37 డిగ్రీల బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) వేలాడదీసి, గంట గంటకీ నమూనాలు తీశాం. ప్యాక్లి బఫర్‌లో కరిగేందుకు ట్వీన్-80 అనే సబ్బులాంటి పదార్థం కొంచెం కలపాలి. లేకపోతే బఫర్ నిండిపోయి, రేణువు మందుని వదలడం లేదన్న తప్పుడు అభిప్రాయం వస్తుంది. పక్కనే రేణువులు లేని మందుతో కూడా ఒక సంచి పెట్టాం, సంచి గోడే ఎంత ఆలస్యం చేస్తోందో తెలియాలి కదా.

పీహెచ్ 7.4 దగ్గర మొదటి 24 గంటల్లో డాక్సో సగం బయటికి వచ్చేసింది. ప్యాక్లి ఐదో వంతు మాత్రమే. లెక్క వేస్తే గుండె జారింది. రెండు వంతుల డాక్సోలో సగం అంటే ఒక వంతు. ఒక వంతు ప్యాక్లిలో ఐదో వంతు అంటే 0.2. అంటే బయటికి వచ్చిన మందు నిష్పత్తి 5:1. లోపల మిగిలింది చూస్తే 1 కి 0.8, అంటే 1.25:1. 2:1 ఎక్కడా లేదు, బయటా లేదు, లోపలా లేదు. ఫిబ్రవరిలో అంత కష్టపడి వెతికిన నిష్పత్తి ఒక్క రోజులో చెదిరిపోయింది. పీహెచ్ 5.5 దగ్గర, అంటే కణం మింగిన రేణువు చేరే ఆమ్ల వాతావరణంలో, డాక్సో ఇంకా తొందరపడింది. ఆవేశం పూర్తిగా వచ్చి నీటిలో బాగా కరుగుతుంది కాబట్టి అది ఊహించిందే.

ఈ ఫలితాన్ని నేను వైఫల్యంగా చూడను. రెండు మందుల విడుదల గీతల్ని ఒకే గ్రాఫులో గీసి, వాటి పక్కన నిష్పత్తి గీతని కూడా గీస్తే తప్ప ఇది కనపడదు. విడివిడిగా చూస్తే రెండు గీతలూ "నెమ్మదిగా, స్థిరంగా విడుదల" అని మెచ్చుకునేలానే ఉన్నాయి. ఇద్దరి ప్రయాణాన్ని ఒకే రేణువులో కట్టేశామనుకునే ప్రతి బృందమూ ఈ మూడో గీత గీయాలి అని గట్టిగా నమ్ముతున్నాను.

జులై: డాక్సోని ఆపడం

ప్యాక్లిని తొందరపెట్టలేం, డాక్సోని నెమ్మదింపజేయాలి. రెండు మార్పులు చేశాం.

ఒకటి, ఈస్టర్ చివర ఉన్న పీఎల్‌జీఏ బదులు ఆమ్లం చివర ఉన్నది వాడటం. ఆ కార్బాక్సిల్ చివరలకు ఋణావేశం, డాక్సో అమైన్‌కి ధనావేశం. రెండూ పట్టుకుంటాయి, ఉపరితలం దగ్గరున్న డాక్సో ఒక్కసారిగా వదిలిపోదు. రెండోది, పీవీఏ తీసేసి లెసిథిన్ అనే లిపిడ్ (కొవ్వు పదార్థం), పెగ్ (నీటిని ఇష్టపడే పాలిమర్ గొలుసు) తగిలించిన లిపిడ్ వాడటం. వేడి చేసిన లిపిడ్ ద్రావణంలోకి పాలిమర్ చుక్కలు వదిలితే, పాలిమర్ గుండు చుట్టూ పలచటి లిపిడ్ పొర ఏర్పడుతుంది. బయట పెగ్ కాళ్లు చాచుకుని ఉంటుంది, రక్తంలోని ప్రోటీన్లు వెంటనే అంటుకోకుండా.

పరిమాణం కూడా తగ్గింది, అది అదనపు లాభం. 24 గంటల విడుదలలో డాక్సో 30 శాతానికి దిగింది, ప్యాక్లి ఐదో వంతు దగ్గరే ఉంది. బయటికి వచ్చింది ఇప్పుడు 3:1, లోపల మిగిలింది 1.75:1. పూర్తిగా కుదరలేదు. అయినా ఫిబ్రవరి ప్లేట్లలో 3:1 దాకా ఇండెక్స్ 1 కిందే ఉంది. 5:1 దగ్గర ఆ మాట నమ్మకంగా చెప్పలేకపోయాం. పనికొచ్చే హద్దుల్లోకి వచ్చామన్నమాట.

డాక్సిల్ దారి కూడా ఆలోచించాం. 1995లో అమెరికాలో అనుమతి పొందిన ఆ లైపోజోమ్ మందులో లోపలికీ బయటికీ అమోనియం సల్ఫేట్ గాఢతలో ఉన్న తేడా సాయంతో డాక్సోని లోపలికి లాగి, అక్కడే స్ఫటికంలా గడ్డకట్టిస్తారు. మందు బయటికి రావడం చాలా నెమ్మది. డాక్సోకి అంతకన్నా గొప్ప గూడు లేదు. కానీ ప్యాక్లి ఉండాల్సింది లైపోజోమ్ పొరలో. ఆ పొర లిపిడ్‌లో కొద్ది మోల్ శాతం కంటే ఎక్కువ ప్యాక్లిని భరించదు, దాటితే స్ఫటికాలు కక్కేస్తుంది. 2:1 కావాలంటే డాక్సో మోతాదు కూడా దించుకోవాలి. అందుకే ఆ తలుపు మూయకుండా పక్కన పెట్టాం.

ఆగస్టు: పొడి చేయడం

ఐదు శాతం ట్రెహలోజ్ అనే చక్కెర కలిపి ఫ్రీజ్ డ్రై చేస్తే (గడ్డకట్టించి ఆరబెడితే), నీళ్లు పోయగానే రేణువులు మళ్లీ విడివిడిగా తేలుతున్నాయి. ట్రెహలోజ్ లేకుండా చేసిన పొడి ఉండలు కట్టింది. ఇంతకు మించి ఈ నెలలో చెప్పుకోవాల్సింది లేదు.

సెప్టెంబరు: సీరమ్‌లో కథ వేరు

బఫర్‌లో చేసిన విడుదల ప్రయోగాన్ని సీరమ్‌లో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) మళ్లీ చేశాం. ప్యాక్లి వేగం పెరిగింది! అల్బుమిన్ లాంటి ప్రోటీన్లు ప్యాక్లిని పట్టుకుని బయటికి లాగుతాయి. ట్వీన్ చేసే పనిని అవి ఇంకా బాగా చేస్తాయి. అల్బుమిన్‌తో ప్యాక్లికి ఉన్న ఈ చెలిమి మీదే అబ్రాక్సేన్ అనే మందు నిలబడి ఉంది, 2005 నుంచి వాడుకలో ఉంది. మాకు దీనివల్ల నిష్పత్తి బఫర్‌లో కంటే 2:1 కి దగ్గరైంది. సంతోషించాల్సిందే గానీ, ఇక్కడ ఇంకో భయం ఉంది. రక్తంలో రేణువు తిరుగుతుండగానే ప్యాక్లి దిగిపోతే, కణితికి చేరేది దాదాపు డాక్సో మాత్రమే ఉన్న రేణువు. నిష్పత్తి సరిపోవడం ఒక్కటే చాలదు, చేరేదాకా రెండూ లోపల ఉండాలి. ఇక నుంచి విడుదల పరీక్షలన్నీ సీరమ్‌లో కూడా చేయనిదే ఏదీ తేల్చం.

అక్టోబరు: కణాల మీద

చాలామంది ఎదురుచూసేది ఈ దశ కోసం. 48 గంటల ఎంటీటీ పరీక్షలో (బతికున్న కణాలెన్నో రంగుతో తేల్చే పరీక్ష) విడి మందుల మిశ్రమమే మా రేణువుల కంటే తక్కువ మోతాదులో కణాల్ని చంపింది. 72 గంటలకు తేడా తగ్గింది. కొత్తగా చేరిన విద్యార్థులు దిగులుపడ్డారు, కానీ ఇది ఇలాగే ఉండాలి. విడి డాక్సో పొరలు దాటుకుని గంటల్లోనే కేంద్రకానికి చేరుతుంది. రేణువు లోపలికి వెళ్లి, ఆమ్లపు సంచుల్లో కూర్చుని, మందుని మెల్లగా వదలాలి. కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో ఇది స్పష్టంగా కనిపించింది: విడి డాక్సో ఇచ్చిన కణాల్లో కేంద్రకం ఎర్రగా, రేణువులు ఇచ్చిన కణాల్లో మొదట కేంద్రకం చుట్టూ ఎర్రటి చుక్కలు. (డీఎన్ఏలో దూరాక డాక్సో వెలుగు తగ్గుతుంది కాబట్టి, వెలుగును చూసి మందు పరిమాణం అంచనా వేయకూడదు.) పైగా ప్లేటులో కాలేయం లేదు, మూత్రపిండాలు లేవు. విడి మందులు ఎటూ పోలేవు, నిష్పత్తి దానంతట అదే నిలబడుతుంది. రేణువు గొప్పతనం చూపించే వేదిక ప్లేటు కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంకో పోలిక. రెండు మందులూ ఉన్న రేణువులు ఒక పక్క. డాక్సో మాత్రమే ఉన్నవి, ప్యాక్లి మాత్రమే ఉన్నవి కలిపిన మిశ్రమం ఇంకో పక్క. మొత్తం మోతాదు, నిష్పత్తి ఒకటే. ఫలితాల్లో తేడా లేదు. ఆలోచిస్తే కారణం దొరుకుతుంది. ఒక్కో కణం మీద లెక్కలేనన్ని రేణువులు పడుతుంటే, రెండు రకాలూ సరాసరిన సమానంగానే అందుతాయి. మరి ఒకే రేణువులో పెట్టడం దేనికి? రేణువులు అరుదుగా చేరే చోట్ల కోసం, రక్తనాళాలకు దూరంగా ఉన్న కణితి లోతుల కోసం. 2016లో వచ్చిన ఒక సమీక్ష అంతకు ముందు పదేళ్ల జంతు ప్రయోగాల్ని పరిశీలించి, ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతమే అని చెప్పింది. అంత తక్కువ చేరినప్పుడు, ఒక కణానికి దొరికేది కొన్ని రేణువులే అయినప్పుడు, ప్రతి రేణువులోనూ రెండు మందులూ ఉండటానికి విలువ రావాలి. ఇది ఇంకా మా ఊహే. నిరూపించాలి.

ఇది చదివేవారిలో చికిత్సలో ఉన్నవారు, వాళ్ల ఇంటివారు ఉండొచ్చు. మా రేణువులు మనిషికి ఇచ్చే మందు కావు, ఆ దశకు చాలా దూరంలో ఉన్నాయి. డాక్టరు ఇస్తున్న కీమోని ఇలాంటివి చదివి ఆపడం గానీ, వాయిదా వేయడం గానీ చేయకండి.

నవంబరు: ఇప్పుడు చేతిలో ఉన్న పని

జంతు ప్రయోగాలకు నైతిక కమిటీకి దరఖాస్తు పెట్టాం, అనుమతి రావాలి. ఈలోపు కణాల్ని గోళాలుగా పెంచి, వాటి లోతుల్లోకి రేణువులు ఎంతవరకు వెళ్తున్నాయో చూస్తున్నాం. అక్టోబరు పోలికనే ఈ గోళాల మీద తక్కువ మోతాదుల్లో మళ్లీ చేయాలి. మా ఊహ నిజమైతే తేడా మొదట కనపడాల్సింది ఇక్కడే.

ఎలుకల ప్రయోగంలో గుంపులు ఖాయమయ్యాయి: సెలైన్, మందులేని ఖాళీ రేణువులు, విడి మందుల మిశ్రమం, ఒక్కో మందు ఉన్న రేణువుల మిశ్రమం, రెండు మందుల రేణువులు. నాలుగో గుంపు వద్దు, ఖర్చు పెరుగుతుందని ఒక సూచన వచ్చింది. అది లేకపోతే మా ప్రశ్నకు జవాబే రాదు, వదులుకోనని చెప్పాను. కణితి పరిమాణం కొలవడంతో సరిపెట్టం. రక్తం, కణితి, కాలేయం, గుండె నమూనాల్లో రెండు మందుల్నీ ఎల్‌సీ-ఎంఎస్‌లో (పదార్థాల్ని విడదీసి, అణువుల బరువుతో గుర్తించే యంత్రం) కొలిచి, ప్రతి చోటా నిష్పత్తి రాస్తాం. గుండె నమూనాల పద్ధతిని ముందుగా సిద్ధం చేస్తున్నాం. కణితి ఎంత తగ్గినా, గుండెలో డాక్సో విడి మందు స్థాయిలోనే ఉంటే ఈ రేణువుని ముందుకు తీసుకెళ్లం.